నలుగురిలో భయం: సిగ్గు అనుకుని వదిలేస్తున్న జబ్బు

తెలుగులో సిగ్గుకు మాటలు చాలానే ఉన్నాయి. బిడియం, మొహమాటం, జంకు, బెరుకు, సంకోచం. మన ఇళ్లలో మాట్లాడే ఉర్దూలో శర్మ్ అంటాం, ఝిఝక్ అంటాం, ఘబ్రాహట్ అంటాం. ఇన్ని మాటలున్నా, ఆ సిగ్గు ఒక మనిషి చదువునూ ఉద్యోగాన్నీ సంసారాన్నీ మింగేసే స్థాయికి చేరినప్పుడు దాన్ని ఏమనాలో మాత్రం మనకు తోచదు. "వాడి స్వభావమే అంత" అంటాం. "పెద్దయితే అదే పోతుంది" అంటాం. చాలామందికి అది పోదు. వయసుతో పాటు అదీ పెరుగుతుంది. కొన్నాళ్లకు మరో జబ్బును తోడు తెచ్చుకుంటుంది.

వైద్యులు దీన్ని సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారు. తెలుగులో సామాజిక ఆందోళన రుగ్మత అనవచ్చు. పేద విద్యార్థుల ఫీజులకు, ఉచిత వైద్య శిబిరాలకు, వితంతువుల సహాయానికి చేయూతనిస్తున్న దాతలకు ఈ జబ్బు గురించి తెలియడం అవసరం. మీరిచ్చిన సొమ్ముతో చదివిన పిల్లవాడు డిగ్రీ పూర్తిచేసి కూడా ఇంటర్వ్యూ గది గుమ్మం దగ్గర నుంచే వెనక్కి తిరిగి వచ్చేస్తే, దానికి కారణం తెలివి తక్కువై కాకపోవచ్చు. చికిత్స ఉన్న ఒక జబ్బు కావచ్చు.

సిగ్గుకూ జబ్బుకూ తేడా ఎక్కడ?

కొత్తవారి ముందు కాస్త తడబడటం, మైకు పట్టుకుంటే గొంతు ఎండిపోవడం అందరికీ ఉంటుంది. అది జబ్బు కాదు. సోషల్ యాంగ్జైటీ ఉన్నవారి భయం వేరు. నలుగురూ తనను గమనిస్తున్నారని, తాను ఏదో తప్పు చేసి నవ్వులపాలవుతానని, తన చేయి వణకడం, ముఖం ఎర్రబడటం, మాట తడబడటం అందరికీ కనిపిస్తుందని వారికి ఎడతెగని భయం. ఆ భయం వల్ల అటువంటి సందర్భాలను తప్పించుకుంటారు, తప్పించుకోలేకపోతే నరకయాతనతో భరిస్తారు. ఇది నెలల తరబడి, సాధారణంగా ఆరు నెలలకు మించి సాగి, చదువుకో పనికో బంధుత్వాలకో అడ్డుపడుతుంటే దాన్ని జబ్బుగా గుర్తిస్తారు.

సందర్భం పెద్దదే కానక్కరలేదు. క్లాసులో హాజరు పలకడం, కిరాణా కొట్టులో చిల్లర తక్కువ ఇచ్చారని చెప్పడం, బ్యాంకులో అందరి ముందు సంతకం పెట్టడం, వలీమాలో పదిమంది మధ్య కూర్చుని అన్నం తినడం, ఫోను ఎత్తి మాట్లాడటం... వీటిలో ఏదైనా కావచ్చు. మక్తబ్‌లో ఒంటరిగా చక్కగా పాఠం అప్పజెప్పే పిల్లవాడు, పదిమంది ముందు చదవమనగానే నోరు పెగలక నిలబడిపోవచ్చు. ఉస్తాద్ అతనికి పాఠం రాలేదనుకుంటారు. అతనికి పాఠం వచ్చు. పదిమంది చూస్తుండగా దాన్ని చెప్పడమే రాదు.

మన సమాజంలో ఇంకొక చిక్కు ఉంది. హయాను, అంటే వినయంతో కూడిన లజ్జను మనం ఉత్తమ గుణంగా భావిస్తాం. అది సబబే. పర్దా పాటించే స్త్రీకి, తక్కువ మాట్లాడే యువకుడికి జబ్బు అంటగట్టడం అన్యాయం. తేడా తెలుసుకోవడానికి ఒక తేలికైన గుర్తు ఉంది. హయా ఉన్న మనిషి తాను ఎంచుకున్న విలువ ప్రకారం నడుస్తుంది, మనసులో నెమ్మదిగా ఉంటుంది. తనవాళ్ల మధ్య, ఆడవాళ్ల మధ్య హాయిగా నవ్వుతుంది, మాట్లాడుతుంది. సోషల్ యాంగ్జైటీ ఉన్న అమ్మాయికి ఆడవాళ్ల మహఫిల్ కూడా భయమే. మేనత్త ఇంటికి వెళ్లాలన్నా రెండు రోజుల ముందు నుంచి కడుపులో తిప్పుతుంది. వెళ్లి వచ్చాక "నేను అలా ఎందుకన్నాను, వాళ్లు ఏమనుకున్నారో" అని రాత్రంతా నలిగిపోతుంది. బయటివారు మాత్రం "ఎంత అణకువ గల పిల్ల" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు కింద జబ్బు ఏళ్ల తరబడి దాగిపోతుంది.

ఎంతమందికి ఉంటుంది?

1966లో లండన్‌లో ఐజాక్ మార్క్స్, మైకేల్ గెల్డర్ అనే మానసిక వైద్యులు రకరకాల భయాలు ఏ వయసులో మొదలవుతాయో పరిశీలిస్తూ, నలుగురి ముందు భయాన్ని విడిగా గుర్తించారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం దీనికి ప్రత్యేక స్థానం ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చొరవతో అనేక దేశాల్లో జరిగిన సర్వేలను కలిపి చూస్తే, జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బుకు లోనయ్యేవారు నూటికి నలుగురు. ఎక్కువ మందిలో 8 నుంచి 15 ఏళ్ల మధ్యనే మొదలవుతుంది. అంటే స్కూలు వయసులో. పిల్లవాడు లోకంతో మాట కలపడం నేర్చుకోవలసిన సమయంలోనే అది అతని నోరు కట్టేస్తుందన్నమాట.

మన దేశంలో 2015-16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. ఆ పన్నెండింటిలో తెలంగాణ గాని, ఆంధ్రప్రదేశ్ గాని లేవు. అయినా ఆ సర్వే చెప్పిన రెండు అంకెలు మనకూ హెచ్చరికే. వయోజనుల్లో నూటికి పదిమందికి పైగా, కచ్చితంగా చెప్పాలంటే 10.6 శాతం మంది, ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. డిప్రెషన్, ఆందోళన వంటి సాధారణ మానసిక జబ్బులు ఉన్న ప్రతి వందమందిలో సుమారు 85 మందికి చికిత్స అందడం లేదు.

జబ్బు మనసుది, ఫిర్యాదు ఒంటిది

చికిత్స ఎందుకు అందడం లేదు? వైద్యుల కొరత ఒక కారణం. లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేని దేశం మనది. కానీ అంతకంటే ముందే ఇంకొక అడ్డంకి ఉంది. నలుగురిలో భయం ఉన్న మనిషికి డాక్టరు కూడా ఆ నలుగురిలో ఒకరే. కిక్కిరిసిన ఓపీలో, పక్కనే పదిమంది నిలబడి వింటుండగా, "నాకు మనుషులంటే భయం" అని అతను ఎలా చెబుతాడు? ఏ జబ్బుకు సాయం కావాలో ఆ జబ్బే సాయం అడగనివ్వదు. దీని అసలు చిక్కు ఇదే.

అందువల్ల అతను చెప్పేది వేరుగా ఉంటుంది. గుండె దడ, చెమటలు, తల తిరుగుడు, కడుపులో తిప్పడం, విరేచనాలు, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, నీరసం. ఇవన్నీ నిజమైన బాధలే. భయం పుట్టినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె వేగం, చెమట, వణుకు వస్తాయి. రోగి అబద్ధం చెప్పడం లేదు, సగం మాత్రమే చెబుతున్నాడు. బీపీ చూస్తారు, ఈసీజీ తీస్తారు, "ఏమీ లేదు" అని గ్యాస్ మాత్ర, బీకాంప్లెక్సు రాసిస్తారు. నెల తిరగకుండా అతను మళ్లీ వస్తాడు. లేదా మరో క్లినిక్కుకు, మరో శిబిరానికి వెళ్తాడు. లేదా ఇంట్లోవాళ్లు నజర్ తగిలిందనో ఆసేబ్ అనో తావీజు కోసం తిప్పుతారు.

ఇది మన దగ్గరే కాదు. 1990ల మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లోని 15 కేంద్రాల్లో, మామూలు జబ్బులకు మామూలు డాక్టరు దగ్గరకు వచ్చే రోగులను పరిశీలించింది. ఆ కేంద్రాల్లో మన బెంగళూరు కూడా ఉంది. అలా వచ్చినవారిలో దాదాపు నూటికి 24 మందికి గుర్తించదగిన మానసిక జబ్బు ఉందని తేలింది. అంటే మానసిక వైద్యానికి అసలు గుమ్మం ఎర్రగడ్డ ఆసుపత్రి కాదు, మన వీధి చివరి క్లినిక్కు, బస్తీ దవాఖానా, మనం నడిపే ఉచిత శిబిరం.

ఒకదాని వెనుక ఒకటి

సోషల్ యాంగ్జైటీ చాలాకాలం ఒంటరిగా ఉండదు. దానితో కలిసి వచ్చే జబ్బులను వేరుచేసి చూడగలగడమే ప్రాథమిక వైద్యంలో కష్టమైన పని. ముఖ్యమైనవి ఇవి.

మొదటిది డిప్రెషన్. సాధారణంగా భయం ముందు వస్తుంది, దిగులు తరువాత వస్తుంది. పదమూడేళ్లకు జనం ముందు జంకు మొదలైన కుర్రవాడు అనుకుందాం. స్నేహితులు తగ్గుతారు. కాలేజీలో సెమినార్లు ఎగ్గొడతాడు. ఇరవై రెండేళ్లకు ఉద్యోగం లేదు, "ఎందుకూ పనికిరాను" అన్న నమ్మకం మాత్రం గట్టిపడింది. అప్పుడు డాక్టరు దగ్గరకు వస్తే కనిపించేది డిప్రెషన్. దానికి మందు ఇస్తే దిగులు కొంత తగ్గుతుంది. కానీ కింద ఉన్న భయాన్ని ఎవరూ అడగకపోతే, అతను మళ్లీ అదే గదిలో, అదే మంచం మీద మిగిలిపోతాడు. అందుకే దిగులుతో వచ్చిన ప్రతి యువకుణ్ణీ ఒక ప్రశ్న అడగాలి: "ఈ దిగులు రాకముందు, చిన్నప్పుడు నలుగురిలో ఎలా ఉండేవాడివి?"

రెండవది పానిక్, అంటే ఉన్నట్టుండి వచ్చే విపరీతమైన గాభరా. పానిక్ డిజార్డర్‌లో అది ఒంటరిగా ఉన్నా, నిద్రలో ఉన్నా రావచ్చు. అప్పుడు మనిషి భయపడేది చచ్చిపోతానేమోనని. సోషల్ యాంగ్జైటీలో అది జనం ముందే వస్తుంది. అప్పుడు భయమల్లా పరువు పోతుందేమోనని. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, భయపడే విషయం వేరు.

మూడవది అన్ని విషయాలపైనా నిత్యం ఉండే ఆందోళన. పిల్లల ఆరోగ్యం, అప్పులు, రేపటి వంట, ఏదైనా సరే మనసును తొలుస్తూనే ఉంటుంది. సోషల్ యాంగ్జైటీలో ఆందోళన మనుషుల చూపుల చుట్టూ తిరుగుతుంది. ఒకే మనిషిలో రెండూ ఉండటం అరుదు కాదు.

నాలుగవది మత్తు. గుట్కా, సిగరెట్టు, గంజాయి, మద్యం, నిద్రమాత్రలు. జనంలోకి వెళ్లే ముందు ధైర్యం కోసం మొదలైన అలవాటు వ్యసనంగా మారుతుంది. ఆ కుర్రవాణ్ణి చెడిపోయాడని వెలివేస్తే, అతని భయం నిజమైందని అతనికే రుజువు చేసినట్టవుతుంది. వ్యసనం మాన్పించాలంటే అది ఏ భయానికి మందుగా మొదలైందో తెలుసుకోవాలి.

ఐదవది వస్వాసా, అంటే ఓసీడీ. వుజూ సరిగా కాలేదేమోనని గంటసేపు నీళ్ల దగ్గరే ఉండిపోయేవారు, తమ తీరును ఎవరైనా చూస్తారని మస్జిదుకు రావడం మానేస్తారు. బయటకు రాకపోవడం రెండు జబ్బుల్లోనూ ఉంటుంది, కారణం మాత్రం వేరు. అలాగే నత్తి ఉన్నవారిలో, ముఖం మీద మచ్చలు ఉన్నవారిలో, ఆటిజం ఉన్న పిల్లల్లో, ఇంట్లో గాని స్కూల్లో గాని వేధింపులకు గురైనవారిలో జనానికి దూరం జరగడం కనిపిస్తుంది. వేధింపులు ఉంటే భయం జబ్బు కాదు, హెచ్చరిక. అక్కడ ముందు ఆపవలసింది వేధింపును.

ఒంటి జబ్బులనూ మరువకూడదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే గుండె దడ, వణుకు, చెమట వస్తాయి. రక్తహీనతలో దడ, నీరసం ఉంటాయి. ఆస్తమా మందులు, అతిగా తాగే టీ, కాఫీ కూడా వణుకు పుట్టిస్తాయి. కనుక ఒక సాధారణ రక్త పరీక్ష చేయించడం మంచిది. అది మామూలుగా వచ్చిందని "నీకు ఏమీ లేదు" అని పంపేయడం మాత్రం మంచిది కాదు.

అయిదు నిమిషాల్లో ఏమి అడగవచ్చు?

రద్దీగా ఉండే శిబిరంలో ప్రతి రోగితో గంటసేపు మాట్లాడటం కుదరదు. అందుకోసమే చిన్న ప్రశ్నావళులు తయారయ్యాయి. సోషల్ యాంగ్జైటీకి 2001లో వెలువడిన మినీ-స్పిన్‌లో మూడే అంశాలు ఉన్నాయి. సారాంశంలో అవి: అవమానం జరుగుతుందన్న భయంతో పనులు చేయకుండా, మనుషులతో మాట్లాడకుండా ఉంటున్నారా? అందరి దృష్టీ తన మీద పడే సందర్భాలకు దూరంగా ఉంటున్నారా? నలుగురిలో తెలివితక్కువగా కనిపించడం తమకున్న అతి పెద్ద భయాల్లో ఒకటా? ఒక్కొక్కదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. మొత్తం ఆరు గాని అంతకు మించి గాని వస్తే వివరంగా మాట్లాడాలి. ఇది జబ్బును నిర్ధారించదు, ఎవరితో మాట్లాడాలో చూపిస్తుంది. దిగులుకు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. రెండూ కాగితం మీద రాసి ఇచ్చేవే కనుక, నోరు విప్పడానికి భయపడే మనిషికి టిక్కు పెట్టడం తేలిక.

పీహెచ్‌క్యూ-9లో చివరి ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగితే బరువు దిగుతుంది. ఔనని జవాబు వస్తే ఆ మనిషిని ఒంటరిగా ఇంటికి పంపకూడదు. ఇంట్లోవారిని పిలిపించాలి, అదే రోజు వైద్యుడికి చూపించాలి.

చికిత్స ఏమిటి?

ఈ జబ్బుకు బలమైన ఆధారాలున్న చికిత్సలు రెండు. మొదటిది సీబీటీ అనే మాటల చికిత్స. 1995లో డేవిడ్ క్లార్క్, అడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వవేత్తలు ఈ జబ్బు ఎలా నిలిచి ఉంటుందో వివరించారు. భయపడే మనిషి ఎదుటివారిని చూడడు, తనను తానే చూసుకుంటూ ఉంటాడు. "నా గొంతు వణుకుతోంది, నా ముఖం ఎర్రబడింది" అని లోపలికే చూస్తూ, ఎదుటివారికీ అదే కనిపిస్తోందని నమ్ముతాడు. వణుకు దాచడానికి కప్పు రెండు చేతులతో పట్టుకుంటాడు, ఫోను చూస్తున్నట్టు నటిస్తాడు, వాక్యం ముందే కంఠస్థం చేసుకుంటాడు. ఏమీ జరగకపోతే "నేను అలా జాగ్రత్తపడ్డాను కాబట్టి గట్టెక్కాను" అనుకుంటాడు. ఆ జాగ్రత్తలే భయాన్ని బతికిస్తాయి.

చికిత్సలో అతను భయపడే సందర్భాలను మెట్లుగా పేర్చుకుంటాడు. మొదటి మెట్టు, కొట్టులో ఏమీ కొనకుండా ధర అడిగి రావడం. రెండవది, బస్సు కండక్టరును "తార్నాక వెళ్తుందా?" అని అడగడం. తరువాత క్లాసులో ఒక ప్రశ్న. ఆ తరువాత చేయి వణికినా సరే అని దావత్‌లో అందరి ముందు చాయ్ తాగడం. చివరికి ఇద్దరు ముగ్గురి ముందు ఉత్తుత్తి ఇంటర్వ్యూ. ప్రతి మెట్టు దగ్గరా తాను అనుకున్న అవమానం నిజంగా జరిగిందా లేదా అని రాసుకుంటాడు. బ్రిటన్‌లో 2013లో వెలువడిన వైద్య మార్గదర్శకాలు ఈ చికిత్సనే మొదటి స్థానంలో ఉంచాయి. సుమారు నాలుగు నెలల్లో పద్నాలుగు దఫాల వరకు ఇది సాగుతుంది.

రెండవది మందులు. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి. ఇవి మత్తు మందులు కావు, అలవాటుగా మారి మోతాదు పెంచమని వేధించేవీ కావు. పని మొదలు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, కొద్దిపాటి గాభరా పెరగవచ్చు. ఆ సంగతి ముందే చెప్పకపోతే మూడో రోజే మానేస్తారు. గుణం కనిపించాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఒక్కసారిగా ఆపకూడదు. రోజుకు ఒక్కసారి వేసుకునేవి కనుక రమజాన్‌లో ఇఫ్తార్ తరువాతకో సహరీకో డాక్టరు సలహాతో మార్చుకోవచ్చు. ఉపవాసం కోసం మందు మానేయవలసిన పని లేదు.

అల్ప్రాజొలాం వంటి మాత్రలతో మాత్రం జాగ్రత్త. అవి గంటలో హాయినిస్తాయి, నెలల్లో బానిసను చేస్తాయి. మెడికల్ షాపులో ఎవరో చెప్పారని కొని వేసుకోవడం ప్రమాదం.

మనసుకు వైద్యం పడమటి దేశాల నుంచి వచ్చిన కొత్త సంగతి అనుకునేవారికి ఒక మాట. తొమ్మిదో శతాబ్దంలో బల్ఖ్ ప్రాంతంలో పుట్టిన అబూ జైద్ అల్ బల్ఖీ, శరీరానికీ మనసుకూ ఏది మేలు చేస్తుందో చెబుతూ అరబ్బీలో ఒక గ్రంథం రాశారు. భయాన్ని, కోపాన్ని, దిగులును, వస్వాసాను వేరువేరుగా చర్చించారు. ఒంటి జబ్బులకు మందులు ఇంట్లో సిద్ధంగా ఉంచుకున్నట్టే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను పోగుచేసి కష్టకాలానికి దాచుకోవాలని చెప్పారు. దుఆ చేయడానికీ డాక్టరు దగ్గరకు వెళ్లడానికీ మధ్య పోటీ లేదు. పంటి నొప్పికి రెండూ చేస్తాం, మనసు నొప్పికీ అంతే.

తెలుగు నేల మీద ఒక ప్రయోగం

మానసిక వైద్యులు తక్కువగా ఉన్నచోట ఇదంతా సాధ్యమా? పశ్చిమ గోదావరి జిల్లా దీనికి జవాబు చెప్పింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ అక్కడ స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే కార్యక్రమం నడిపింది. మొదట 30 గిరిజన గ్రామాలను తీసుకున్నారు. ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్ పరికరాలు ఇచ్చి, దిగులు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల గురించి ఇంటింటా అడిగే పద్ధతి నేర్పారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇచ్చారు. మానసిక జబ్బు అంటే చిన్నచూపు పోవడానికి ఊళ్లలో ప్రచారం చేశారు. సమస్య ఉన్నట్టు తేలినవారిలో అంతకుముందు వైద్య సహాయం పొందినవారు నూటికి ఒకరు కూడా లేరు, 0.8 శాతం. కార్యక్రమం తరువాత అది 12.6 శాతానికి పెరిగింది. ఆ తరువాత పశ్చిమ గోదావరితో పాటు హర్యానాలో కూడా కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో పెద్ద పరీక్ష జరిపారు.

గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం జరిపిన మానస్ ప్రయోగం ఫలితాలు 2010లో వెలువడ్డాయి. అక్కడ డాక్టర్లు కాని మామూలు వ్యక్తులకు కౌన్సెలింగ్‌లో శిక్షణ ఇచ్చి ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టారు. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ సహాయం అందిన రోగుల్లో ఆరు నెలలకు 65.9 శాతం మంది కోలుకున్నారు. అది లేని కేంద్రాల్లో కోలుకున్నది 42.5 శాతమే. ప్రైవేటు క్లినిక్కుల్లో మాత్రం ఇటువంటి తేడా కనిపించలేదు. పేదలు వచ్చే చోటే ఈ సహాయం ఎక్కువ ఫలించిందన్నమాట. పెద్ద భవనాలు, ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. శిక్షణ పొందిన మనిషి, కూర్చుని వినే తీరిక, మళ్లీ మళ్లీ పలకరించే పద్ధతి చాలు.

సికింద్రాబాదులో ఎక్కడికి వెళ్లాలి?

మొదట దగ్గరలోని బస్తీ దవాఖానా. 2018లో మొదలైన ఈ దవాఖానాల్లో డాక్టరు, మందులు ఉచితం. రక్త నమూనాలు తీసుకుని ప్రభుత్వమే పరీక్ష చేయిస్తుంది. అక్కడి నుంచి అవసరమైతే ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి, మరీ తీవ్రమైతే ఎర్రగడ్డలోని మానసిక వైద్య సంస్థకు వెళ్లవచ్చు. ఎర్రగడ్డ పేరు వినగానే వెనకడుగు వేయనక్కరలేదు. సోషల్ యాంగ్జైటీ ఉన్నవారిలో చాలామందికి ఆసుపత్రిలో చేరే అవసరమే రాదు.

ముఖాముఖి మాట్లాడటమే కష్టమైన వారికి ఫోను మంచి దారి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమలులో ఉంది. మానసిక వైద్యం పొందడం పౌరుడి హక్కని, బీమా కంపెనీలు ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ రక్షణ ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది.

దాతలు చేయగలిగింది

కొత్త ఆసుపత్రి కట్టమని ఎవరూ అడగడం లేదు. ఇప్పుడు నడుస్తున్న సేవల్లోనే కొన్ని మార్పులకు మీ చేయూత చాలు.

వైద్య శిబిరంలో ఒక మూల తెర కట్టి, రోగి మాట పక్కవారికి వినిపించని చోటు ఏర్పాటు చేయడం. ఓపీ చీటీతో పాటు తెలుగులో, ఉర్దూలో ప్రశ్నల కాగితం ఇవ్వడం. చదువు రానివారికి ఒక వలంటీరు విడిగా చదివి వినిపించడం. మన యువతీ యువకుల్లో నలుగురైదుగురికి వినడంలో, ఫోనులో పలకరించడంలో శిక్షణ ఇప్పించడం. వారిలో స్త్రీలు తప్పక ఉండాలి, ఆడపిల్లలు మగవారితో ఈ సంగతులు చెప్పుకోరు. చికిత్స మొదలైనవారికి ఆరు నెలల పాటు బస్సు చార్జీలు, అందుబాటులో లేని మందుల ఖర్చు భరించడం. ఒక్కసారి చూసి పంపే శిబిరం కంటే, ఇరవై మందిని ఆరు నెలలు వెంట ఉండి చూసుకునే పని ఈ జబ్బు విషయంలో ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంకొకటి ఉంది. దానికి పైసా ఖర్చు లేదు, కానీ మన అలవాటును మార్చుకోవాలి. విద్యార్థి వేతనాలను, సహాయాలను వేదిక మీద పేరు పిలిచి, ఫోటో తీసి ఇవ్వడం చాలా సంస్థల్లో ఆనవాయితీ. దాతకు లెక్క కనిపించాలన్నది దాని వెనుక ఉన్న మంచి ఉద్దేశమే. కానీ జనం చూపులే జబ్బుగా ఉన్న పిల్లకు ఆ వేదిక ఎక్కడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది కదా. పేరు పిలిచినప్పుడు రాని పిల్లను "అవసరం లేదేమో" అని జాబితా నుంచి తీసేస్తే, అందరికంటే ఎక్కువ అవసరం ఉన్న చేయి ఖాళీగా మిగులుతుంది. సొమ్మును నేరుగా కాలేజీకో బ్యాంకు ఖాతాకో పంపి, లెక్కలను ఆడిట్ నివేదికలో చూపిస్తే దాతకు నమ్మకం ఉంటుంది, తీసుకునేవారికి పరువు ఉంటుంది. గుప్తంగా ఇచ్చే సదఖాకు మన సంప్రదాయంలో ఉన్న గౌరవం అందరికీ తెలిసిందే.

ఈ సంచిక మీ చేతికి వచ్చే సమయానికి మన చుట్టూ ఎవరో ఒక విద్యార్థి రేపటి వైవాకు వెళ్లాలా మానాలా అని తేల్చుకోలేక కూర్చుని ఉంటాడు. మీ ఇంట్లోనో బంధువుల్లోనో అటువంటివారు ఉంటే "ధైర్యంగా ఉండు" అని మాత్రం అనకండి. ఆ మాట అతను ఇప్పటికే వెయ్యిసార్లు విన్నాడు. "ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. తరువాత అతనితో పాటు దవాఖానా దాకా నడవండి.